బండిలోనే కాపురమైతే పండగలు ఎలా చేసుకోవాలి?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: కూకట్‌పల్లిలో అద్దె ఫ్లాట్ ఖాళీ చేసి, ట్రావెలర్ బండిని ఇల్లుగా మార్పించుకుని, మీరూ మీవారూ లాప్‌టాప్ మీద పని చేసుకుంటూ ఆరేళ్ల పాపతో తిరుగుతున్నారు. ఉగాది ఎలాగో గడిచింది. ఇప్పుడు వినాయక చవితి నుంచి సంక్రాంతి దాకా వరసగా పండగలే. మీ అత్తగారు ఫోన్‌లో చెప్పిన జాబితాలో పాలవెల్లి, ఇరవై ఒక్క పత్రి, తొమ్మిది రకాల పిండివంటలు ఉన్నాయి. మీ బండిలో ఉన్నదేమో ఒక్క పొయ్యి, వంద లీటర్ల నీళ్ల ట్యాంకు. చవితికి మీరు కొల్హాపూర్ దగ్గర ఉంటారు. "అన్నీ మానేయాలా, లేక ప్రతి పండక్కీ హైదరాబాద్ పరిగెత్తాలా?" అని అడిగారు.

రెండూ వద్దు. మాదీ చాలా ఏళ్లుగా బండి కాపురమే. హైదరాబాద్ మాకు బండి సర్వీసింగుకూ, చుట్టాలను చూడటానికీ వచ్చే ఊరు. మీకంటే వయసులో పెద్దదాన్ని కాబట్టి కాస్త నిర్మొహమాటంగానే చెబుతాను.

తగ్గించాల్సింది సామాను, వంటలు, హడావుడి. పూజ జోలికి పెద్దగా వెళ్లక్కర్లేదు, ఎందుకంటే దాని చిన్న రూపం మన పద్ధతిలోనే మొదటినుంచీ ఉంది. వినాయకుణ్ణే తీసుకోండి. ఏ వ్రతం చేసినా ముందు పసుపు ముద్దతో గణపతిని చేసి, తమలపాకు మీద పెట్టి పూజించి, ఆ తర్వాతే అసలు పూజకు వెళతాం కదా. ఆ పసుపు గణపతికి లేని లోటు బండిలో మాత్రం ఎందుకొస్తుంది? చవితి నాడు మట్టి విగ్రహమే కావాలనిపిస్తే జానెడు విగ్రహం చాలు. బకెట్లో నిమజ్జనం చేసి ఆ నీళ్లు ఏ చెట్టు మొదట్లోనో పోయవచ్చు. ఒకటే జాగ్రత్త: విగ్రహాన్ని ముందే కొని బండిలో తిప్పకండి, గుంటల రోడ్డు మీద తొండం ముక్కలవుతుంది. ఆగిన ఊళ్లోనే కొనండి, లేదా మట్టి తెచ్చి పాప చేత చేయించండి. వంకరగా వచ్చినా ఫర్వాలేదు.

పత్రి సంగతి. ఇరవై ఒక్కటీ దొరికే చోటు హైదరాబాద్‌లోనే మోండా మార్కెట్ లాంటివి కొన్ని. అక్కడ కూడా కట్టలో ఏ ఆకు ఏదో అమ్మేవాళ్లకే సరిగ్గా తెలియదు. వ్రతకల్పంలో 'యథాశక్తి' అనే మాట ఊరికే పెట్టలేదు. గరిక ఉంటే గణపతికి సరిపోతుంది, అది దొరకని జిల్లా మన దేశంలో అరుదు. మిగతావి అక్కడ కనిపించినవే: మామిడి, రావి, మారేడు, ఉత్తరేణి. పాపను వెంటబెట్టుకుని ఒక గంట తిరిగితే అదే ఆమెకు వృక్షశాస్త్రం క్లాసు. కానీ ఆ జాబితాలోనే ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడా ఉన్నాయి, మూడూ విషమే. ఇంట్లో అయితే పూజగది వేరు, వంటగది వేరు. బండిలో పూజ జరిగే బల్ల మీదే పాప అన్నం తింటుంది. ఆ మూడింటినీ లోపలికి తేవద్దు. అభయారణ్యాల్లో అసలు ఆకు కోయవద్దు.

మాకు బాగా ఇష్టమైనది సంకల్పం. చాలామంది దాన్ని పురోహితుడు గబగబా చదివేస్తుంటే వినడమే తప్ప పట్టించుకోరు. అందులో మనం ఎక్కడున్నామో చెప్పాలి: శ్రీశైలానికి ఏ దిక్కున, ఏ నదుల మధ్య, ఎలాంటి ఇంట్లో. హైదరాబాద్‌లో ఉన్నంతకాలం అది ఒకే వాక్యం, కృష్ణా గోదావరుల మధ్య అని. బండెక్కాక ప్రతి పండక్కీ మారుతుంది. పూరీలో ఉంటే శ్రీశైలానికి ఈశాన్యం, రామేశ్వరంలో ఉంటే దక్షిణం, కచ్‌లో ఉంటే వాయవ్యం. కొల్హాపూర్ అయితే పడమర. మ్యాప్ తెరిచి పాపనే కనుక్కోమనండి. ఆ ఊరి నది పేరు కూడా తననే వెతకమనండి. కొల్హాపూర్‌లో పంచగంగ, అది వెళ్లి కృష్ణలోనే కలుస్తుంది. సొంతింటికి 'స్వగృహే' అంటారు, అద్దె ఇంటికి 'వసతి గృహే' అంటారు. మరి బండికి ఏమనాలని మా పురోహితుడు గారిని అడిగితే, "లోను తీరిపోయిందా?" అన్నారు. తీరిపోయిందండీ అంటే, "అయితే స్వగృహే అనండి" అన్నారు. నవ్వుకున్నాం గానీ, అప్పటినుంచి అలాగే అంటున్నాం.

ఇక ఏ పండగ ఎక్కడ చేయాలన్నది. మా ఇంట్లో ఏడాది మొదట్లోనే పంచాంగం ముందు పెట్టుకుని పండగలను విడదీస్తాం. ఇంటికి వెళ్లి అందరితో చేసుకునేవి కొన్ని, బండిలో చిన్నగా చేసుకునేవి కొన్ని, ఉన్న ఊరివాళ్లతో కలిసి చూసేవి మిగతావన్నీ. మొదటి రకంలో రెండు మూడు మించకూడదు. మించితే ఏడాదంతా హైవే మీదే గడుస్తుంది, డీజిల్ ఖర్చూ అంతే. ఏ రకంలో ఏది పడాలన్నది మీ ఇంటి ఆనవాయితీని బట్టి ఉంటుంది. అయితే కొన్ని పండగలు స్వభావరీత్యానే రోడ్డుకు సరిపడతాయి, కొన్ని సరిపడవు.

శ్రీరామనవమికి పొయ్యే వెలిగించక్కర్లేదు. నానబెట్టిన పెసరపప్పు, బెల్లం పానకంలో మిరియాలు, యాలకులు, కాస్త చలిమిడి. ఉగాదికీ అంతే, పచ్చడి కలుపుకుంటే సగం పండగ అయిపోయినట్టే. వేపపువ్వు అన్ని చోట్లా దొరకదు కాబట్టి, మన దగ్గర పూసినప్పుడే కోసి నీడలో ఆరబెట్టి చిన్న సీసాలో పెట్టుకోండి. ఒకసారి పెట్టుకుంటే కొండ ప్రాంతాల్లో ఉన్నా ఇబ్బంది ఉండదు. చవితికి ఉండ్రాళ్లు, కుడుములు ఆవిరి మీద ఉడికేవే, ఇడ్లీ పాత్ర చాలు. పులిహోర సరేసరి, దాన్ని ప్రయాణాల కోసమే కనిపెట్టారేమో అనిపిస్తుంది.

సరిపడనిది నూనె వంట. గారెలు, బూరెలు, సకినాలు బండిలో వద్దు. మూకుడు నిండా కాగే నూనె పెట్టుకుని ఆరడుగుల వంటగదిలో చిన్నపిల్లతో ఉండటం ప్రమాదం. ఆ జిడ్డు గోడలకూ పరుపుకూ పట్టి వారం దాకా వదలదు, మిగిలిన నూనె పారబోయడానికి చోటుండదు. ఇండక్షన్ మీద చేద్దామంటే లెక్క చూడండి. 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీలో సుమారు 1,200 వాట్ అవర్ల కరెంటు ఉంటుంది. 1,500 వాట్ల స్టవ్‌ను పూర్తి వేడి మీద గంటసేపు నడిపితే ఆ గంట నిండకముందే బ్యాటరీ ఖాళీ. అదే పండగ దీపాల తోరణం, ఎల్‌ఈడీది, 5 వాట్లు లాగుతుంది. సాయంత్రం ఐదు గంటలు వెలిగినా 25 వాట్ అవర్లే. అలంకరణకు వెనకాడకండి, వేపుళ్లకు వెనకాడండి. అత్తగారి జాబితాలో నూనెలో వేగేవన్నీ ఆవిడ చేతి వంటగానే ఉంచేసి, వెళ్లినప్పుడు తినండి. ఆవిడకూ అదే ఇష్టం, అడిగి చూడండి.

గ్యాస్, దీపం గురించి మాత్రం నవ్వులాటగా చెప్పలేను. వంటగ్యాస్ గాలికంటే బరువైనది. కారితే పైకి పోదు, నేల మీదే పేరుకుంటుంది. మన పూజాదీపం కూడా నేల మీదే పెడతాం. కాబట్టి నూనె దీపం, కర్పూర హారతి బండి బయట మెట్టు దగ్గరో, మడత బల్ల మీదో. లోపల వెలిగించాలనిపిస్తే బ్యాటరీ ప్రమిద. దేవుడు అలగడు, పైగా దాన్ని ఆర్పడం మరిచిపోయినా నష్టం లేదు. దీపం పెట్టే ముందు సిలిండర్ వాల్వ్ కట్టేయాలి, తలుపు తీసే ఉంచాలి. నవరాత్రుల్లో అఖండ దీపం మీ ఇంటి ఆచారమైతే దాన్ని మీ అత్తగారింట్లోనే కొనసాగించమనండి. నిద్రపోతున్న బండిలో నిప్పు ఉండకూడదు. అలాగే నిత్య నైవేద్యం పెట్టాల్సిన సాలగ్రామం, తరాల నాటి విగ్రహాలు లాంటివి బండెక్కించవద్దు. మా పూజ సామానంతా ఒక్క స్టీలు డబ్బా. ఇత్తడి దీపం, కుంకుమ భరిణె, పసుపు, అక్షింతలు, గాలి చొరని సీసాలో కర్పూరం, గుడ్డతో కుట్టిన మామిడాకుల తోరణం, ముగ్గు పిండి. అందులో పట్టనిది కొనం. చిన్న సిలిండర్ కావాల్సి వస్తే ఇండేన్ వాళ్ల 5 కిలోల ఛోటూ చాలా పెట్రోలు బంకుల్లో గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు. పండగ రోజు వెతుక్కోకుండా రెండ్రోజుల ముందే చూసుకోండి.

నీళ్ల గురించి ఎవరూ ఆలోచించరు. ముగ్గురికి తలంట్లంటే తక్కువలో తక్కువ అరవై లీటర్లు, అంటే మీ ట్యాంకులో సగం పైనే. అందుకే పండగ ముందు రోజు రాత్రికి పార్కింగ్ ఉన్న చోట ఒక గది తీసుకోవడం మంచిది. మన వైపు అయితే హరిత హోటళ్లు, పుణ్యక్షేత్రాల్లో దేవస్థానం కాటేజీలు, సత్రాలు. స్నానాలు అక్కడ, పూజ బండిలో. కాశీలో అయితే పూర్తిగా శ్రీరామ తారక ఆంధ్రాశ్రమంలోనే దిగడం నయం, ఆ సందుల్లోకి బండి ఎలాగూ వెళ్లదు. పండగ రోజు బండి కదలకూడదన్నది మా ఇంట్లో కచ్చితమైన నియమం. ముందు రోజు సాయంత్రానికి చేరాలి, మర్నాడు ఉదయం కదలాలి. ప్రయాణం చేస్తూ పండగ చేద్దామనుకుంటే రెండూ చెడతాయి.

ఇప్పుడు దసరా. మీరు దీన్ని కష్టమైన పండగల్లో వేశారు. నా లెక్కలో బండివాళ్లకు ఏడాదిలో అన్నిటికంటే పెద్ద పండగ ఇదే. ఆయుధపూజ అంటే వాహనానికి పూజ, మన వాహనమే మన ఇల్లు. ఫ్లాట్‌లో ఉన్నప్పుడు కింద పార్కింగులోకి దిగి కారుకు పది నిమిషాల్లో బొట్టు పెట్టి వచ్చేవాళ్లం. ఇప్పుడు ఒకరోజు ముందు నుంచే పని మొదలవుతుంది. బండి లోపలా బయటా కడగడం, టైర్లలో గాలి, స్టెప్నీ, జాకీ, బ్యాటరీ టెర్మినళ్లు చూసుకోవడం, టూల్‌కిట్ అంతా బయటికి తీసి తుడిచి వరసగా పేర్చడం. ఆ వరసలోనే లాప్‌టాప్‌లు, స్టవ్, మా ఆయన కళ్లజోడు. అన్నిటికీ బొట్టు. బొట్టు పెట్టేటప్పుడు వెనక కెమెరా మీదా, హెడ్‌లైట్ల మీదా, నంబరు ప్లేటు మీదా పెట్టకండి. రేడియేటర్ గ్రిల్‌కు అడ్డంగా లావుపాటి బంతిపూల దండ కట్టి ఘాట్ రోడ్డు ఎక్కితే ఇంజను వేడెక్కుతుంది, కదిలే ముందు తీసేయండి. కర్పూరం బానెట్ దగ్గరికి తేవద్దు. బూడిద గుమ్మడికాయ కొట్టాక ముక్కలన్నీ ఏరి పక్కన వేయండి. హైదరాబాద్ రోడ్ల మీద దసరా మర్నాడు ఆ ముక్కల మీద టూవీలర్లు జారడం చూస్తూనే ఉంటాం.

సాయంత్రం జమ్మి. తెలంగాణలో జమ్మాకు 'బంగారం' పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు దండం పెట్టకపోతే దసరా అయినట్టే కాదు కదా. రాజస్థాన్‌లో ఉన్నారనుకోండి, జమ్మి అడుగడుగునా ఉంటుంది. వాళ్లు ఖేజ్రీ అంటారు, మనకూ వాళ్లకూ అదే రాష్ట్ర వృక్షం. మహారాష్ట్రలో ఆప్టా ఆకును 'సోనా' అని ఇచ్చిపుచ్చుకుంటారు. పక్కన టీకొట్టు ఆయనకు రెండు ఆకులిచ్చి నమస్కారం పెడితే చాలు, ఆ సాయంత్రం మీరు ఒంటరిగా ఉండరు. ఇక పాలపిట్ట. నగరంలో ఉన్నన్నాళ్లూ దసరా నాడు పాలపిట్టను చూడటం ఒక వెతుకులాట. పంజరంలో పెట్టి డబ్బులకు చూపించేవాళ్లు వస్తారు, ఆ పక్షుల రెక్కలకు జిగురు పూసి తాళ్లతో కట్టి ఉంచుతారు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అది నేరం కూడా. రోడ్డు మీద ఉంటే ఆ బాధ లేదు. పొలాల పక్కన కరెంటు తీగల మీద చూస్తూ ఉండండి, దక్కన్‌లో ఎక్కడైనా ఉదయం పూట కనిపించే అవకాశం ఎక్కువ.

బతుకమ్మను ఒంటరిగా ఆడలేం. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజుల్లో కనీసం ఒక్క సాయంత్రమైనా పదిమంది ఆడవాళ్లు కావాలి. దానికి హైదరాబాదే రావక్కర్లేదు. షోలాపూర్‌లో, భివండీలో, సూరత్‌లో తరాల క్రితం మన జిల్లాల నుంచి వెళ్లి స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాలు ఉన్నాయి, బతుకమ్మ అక్కడా ఆడతారు. షోలాపూర్ అయితే మనకు 65వ నంబరు హైవే మీదే, మూడువందల కిలోమీటర్లు. సాయంత్రం గుడి దగ్గరికి తట్టతో వెళ్లి నిలబడితే "ఏ ఊరు మీది?" అని వాళ్లే పిలుస్తారు. గునుగు, తంగేడు ఆ దారి పొడవునా చేలగట్ల మీద పూసి ఉంటాయి. రైతును ఒకమాట అడిగి కోసుకోండి. నర్మద దాటితే ఇవి దొరుకుతాయని నమ్మకం పెట్టుకోవద్దు, బంతిపూలతోనే సరిపెట్టుకోవాలి. అన్నం తినే ప్లేటంత బతుకమ్మ చాలు.

దీపావళి నాకు బండిలో నచ్చని పండగ. పైన సోలార్ ప్యానెళ్లు, పక్కన గుడ్డ గొడుగు, కిటికీలకు నైలాన్ దోమతెర, కింద డీజిల్ ట్యాంకు. రాకెట్ ఎటు పడుతుందో ఎవరికి తెలుసు? ఆ మధ్యాహ్నానికే అపార్ట్‌మెంట్లకు దూరంగా, ఖాళీ స్థలంలోకి మారిపోవాలి. సుప్రీంకోర్టు 2018లో రాత్రి 8 నుంచి 10 వరకే టపాసులని చెప్పింది గానీ, ఆ గడియారం వీధుల్లో ఎంతవరకు నడుస్తుందో మీకూ తెలుసు. టపాసులు బండిలో నిల్వ పెట్టవద్దు. ఆ సాయంత్రం కొని, ఆ సాయంత్రమే, బండికి బాగా దూరంగా, పక్కన నీళ్ల బకెట్‌తో కాల్చేయాలి. పాపకు కాకరపువ్వొత్తులు, రెండు చిచ్చుబుడ్లు చాలు. కుదిరితే దీపావళిని ఇంటికెళ్లే పండగల్లో వేసేయండి.

దీపావళి మర్నాటి నుంచి కార్తీకం. వర్షాలు తగ్గి, చలి ముదరని నెల. వనభోజనాలు ఉసిరిచెట్టు కింద తినాలని పెద్దలే చెప్పారు. ఫ్లాట్‌వాళ్లు బస్సు మాట్లాడుకుని వెళ్లే చోటే మనం ఉంటాం. వండింది తీసుకెళ్లి తినండి, అడవిలో పొయ్యి వద్దు. శ్రీశైలం వైపు వెళితే మన్ననూర్ చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు, అమ్రాబాద్ పులుల అభయారణ్యం కాబట్టి. సోమవారాలు, పౌర్ణమి తప్పించుకోండి, బండి పెట్టే చోటుండదు. ఇళ్లు వదిలి పండగ చేయడం మనవాళ్లకు కొత్తేమీ కాదు. మేడారం జాతరకు రెండేళ్లకోసారి ఊళ్లకు ఊళ్లే కదిలి వెళ్లి, గుడారాలు వేసుకుని, అక్కడే వండుకుని, అమ్మవార్లకు బెల్లం సమర్పించి వస్తాయి. మీ అత్తగారి పుట్టింటివాళ్లు ఎడ్లబండి కట్టుకుని వెళ్లి ఉంటారు, అడగండి. ఆ మాట తర్వాత మన బండి కాపురం మీద ఆవిడ అభిప్రాయం కొంచెం మారినా మారవచ్చు.

సంక్రాంతికి మాత్రం ఇంటికే వెళ్లండి. సకినాల పిండి కలపడం, గుడ్డ మీద చుట్టడం, కాల్చడం, ఇదంతా నలుగురు కూర్చునే పని. పాపకు ఇంకా భోగిపళ్లు పోసే వయసుంటే దానికి అమ్మమ్మ, నానమ్మ, చుట్టుపక్కల ముత్తయిదువలు ఉండాలి. విజయవాడ వైపు వెళ్లేవాళ్లయితే జనవరి 11 నుంచి 13 వరకు పంతంగి టోల్‌గేట్ దగ్గర ఏమవుతుందో ఏటా టీవీలో చూస్తున్నాం. ఆఫీసు సెలవుల గోల మనకు లేదు, 8వ తేదీకల్లా వెళ్లిపోండి. తిరుగు ప్రయాణానికీ తొందర వద్దు. "కనుమ నాడు కాకైనా కదలదు" అంటారు, ఆ మాట పట్టుకుని ఇంకో మూడు రోజులు ఉండిపోతే రోడ్డు ఖాళీ అవుతుంది, అత్తగారికి సంతోషం. అరిసెలు రోడ్డు మీద వారాల తరబడి నిలవుంటాయి, సముద్రతీరానికి వెళ్లేటట్టయితే మాత్రం చెమ్మ తగిలి బూజు పడుతుంది, ముందు వాటినే తినేయండి. సకినాలను డబ్బాలో పడుకోబెట్టకుండా నిలబెట్టి, సందుల్లో కాగితం కుక్కితే విరగవు.

ఇంకో సలహా. ఆషాఢం, శ్రావణం హైదరాబాద్‌లోనే గడపండి. ఆ నెలల్లో పడమటి కనుమల్లో, హిమాలయాల్లో బండి నడపడం ఎలాగూ తలనొప్పే. బండి సర్వీసింగ్, ఇన్సూరెన్స్ పనులు, డాక్టరు, పళ్ల డాక్టరు అన్నీ అప్పుడే పెట్టుకుంటాం. గోల్కొండలో బోనాలు మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, ఆ తర్వాత లాల్‌దర్వాజా దాకా చూస్తాం. వరలక్ష్మీ వ్రతం కూడా మా ఆడపడుచు ఇంట్లో అయిపోతుంది. బండిని ఔటర్ రింగురోడ్డు దగ్గర ఉంచి మెట్రోలో తిరగండి. కాలనీల్లో పందిళ్లు, వేలాడే కరెంటు తీగలు, పైన ప్యానెళ్లు పెట్టిన ఎత్తు బండికి పడవు. అనంత చతుర్దశి నాడైతే నగరం మధ్యలోకి బండి తేవాలన్న ఆలోచనే వద్దు. బాలాపూర్ నుంచి చార్మినార్, మొజంజాహీ మార్కెట్ మీదుగా ట్యాంక్‌బండ్ దాకా శోభాయాత్ర సాగుతుంది.

పెద్దవాళ్ల అలకలు చాలావరకు మన "చూద్దాంలే అత్తయ్యా" వల్లే వస్తాయి. ఆ మాట విని ఆవిడ పిండి ఆడించి, పక్కింటివాళ్లకు చెప్పి, ఎదురు చూస్తారు. ఏడాది మొదట్లోనే ఏ పండక్కి వస్తున్నారో తేదీతో చెప్పండి, రాని వాటికి రావడం లేదని కూడా అంతే స్పష్టంగా చెప్పండి. రాని పండక్కి మామగారి చేత ఫోన్‌లో వినాయకుడి కథ చదివించుకోండి. సిగ్నల్ నమ్మకం లేని చోటికి వెళ్లేటట్టయితే ముందే రికార్డు చేయించి పెట్టుకోండి. మా మామగారి గొంతులో శమంతకోపాఖ్యానం మా ఫోన్లో ఇప్పటికీ ఉంది. ఆయన లేరు.

కానుకలు మరో తలనొప్పి. స్టీలు గిన్నెలు, దుప్పట్లు, డిన్నర్ సెట్లు ప్రేమగానే ఇస్తారు. "మీ దగ్గరే ఉంచండి అత్తయ్యా, మేం వచ్చినప్పుడు వాడుకుంటాం" అంటే నొచ్చుకోరు. తాంబూలం, జాకెట్ ముక్క తీసుకుని ముందు ఊళ్లో ఇంకో ముత్తయిదువకు పెట్టేయవచ్చు. డబ్బు రూపంలోనే ఇస్తామంటే ఫాస్టాగ్ రీఛార్జ్ చేయమనండి. మా తమ్ముడు దసరా మామూలు అలాగే పంపిస్తాడు. కొత్త బట్టలు తలా ఒక జత, అదే సైజు పాతది ఎవరికైనా ఇచ్చేశాకే కొత్తది అరలోకి వెళుతుంది.

పాప దిగులుగా ఉందన్నారు. ఆరేళ్ల పిల్లకు పాలవెల్లి లేదన్న బాధ ఉండదు. తోటి పిల్లలు, డప్పులు, ప్రసాదం కోసం తోపులాట, అవి లేవని ఉంటుంది. ఉదయం బండిలో పూజ ముగించి, సాయంత్రం దగ్గర్లోని మండపానికి తీసుకెళ్లండి. మరాఠీ రాకపోయినా హారతి పళ్లెం చుట్టూ చేరిన పిల్లలకు భాషతో పనిలేదు.

ఈ చవితి సంగతి. కొల్హాపూర్ నుంచి కొంకణ్ దిగుదామా అన్నారు. ఇప్పుడే వద్దు. చవితికి మూడు నాలుగు రోజుల ముందు నుంచి ముంబైలో ఉండే కొంకణ్‌వాళ్లంతా సొంతూళ్లకు బయల్దేరతారు, ముంబై–గోవా రోడ్డు మన సంక్రాంతి విజయవాడ రోడ్డులాగే ఉంటుంది. చవితి కొల్హాపూర్‌లోనే చేసుకుని, ఐదారు రోజులు ఆగి దిగండి. అక్కడి బజారులో 'శాడూ మాతి' అని అడిగితే మట్టి విగ్రహాలు చూపిస్తారు, జానెడుకు మించి కొనకండి. 'దూర్వా' అంటే గరిక కట్టలు ఇస్తారు, వాళ్లకూ లెక్క ఇరవై ఒకటే. 'ఉకడీచే మోదక్' మన కుడుముల్లాగే ఆవిరి మీద ఉడికిస్తారు, లోపల కొబ్బరి, బెల్లం. మిఠాయి కొట్లో ముందు రోజే చెప్పి పెట్టుకోవాలి, పండగ ఉదయం వెళితే దొరకవు.